జాజికాయ మొక్కకి తొలి వేసవి

పటాన్‌చెరు,
ఉగాది వెళ్ళిన మూడోనాడు

అక్కా,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నా ఫోను మీ మరిది తీసి బీరువాలో పెట్టారు. మాత్రలు వాడినన్నాళ్ళూ ఫోను చూడకూడదని డాక్టరు అన్నాడట. అత్తయ్యగారి ఫోనులో మాట్లాడదామంటే ఆవిడ స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటారు. "మనలో మనకి దాపరికాలేంటమ్మా" అంటారు. నువ్వు మన ఊరి పోస్టాఫీసు నడిపే మనిషివి కాబట్టి ఉత్తరమైతే నేరుగా నీ చేతికే వస్తుంది. నీ జవాబు ఇక్కడ ఆవిడ చేతిలో పడినా ఫరవాలేదు, ఆవిడకి చదువు రాదు. మొక్కల సంగతి పైకి చదివి వినిపిస్తాను. మిగతాది నేను చదువుకుంటాను.

పెరట్లో నా జాజికాయ మొక్క ఎలా ఉందో రాయి. అడగాల్సింది అంతే.

మన ఇంట్లో పేరు పెట్టకముందే పోయిన బిడ్డని పెరట్లోనే పెట్టి, ఆ చోట ఎవరి కాలూ పడకుండా మొక్క నాటుతారని నేను నీ తోడికోడలిగా కాపురానికొచ్చిన కొత్తలో నువ్వే చెప్పావు. నూతి పక్కనున్న కొబ్బరిచెట్టు చూపించి, అది మామయ్యగారి చెల్లెలన్నావు. నాకప్పుడు అదేదో పాతకాలం కథలా అనిపించింది. పుష్యమాసంలో నా బిడ్డనీ ఆ పెరట్లోనే పెట్టారు. నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. కడుపుతో ఉండగా కడియం నర్సరీలకి వెళ్ళి ముచ్చటపడి తెచ్చుకున్న జాజికాయ మొక్క ఉంది కదా, కొబ్బరి బదులు అదే పెట్టానని మీ మరిది చెప్పారు. "నీకిష్టమని" అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆస్పత్రి నుంచి అటే మా నాన్న దగ్గరికి, అక్కణ్ణించి ఇక్కడికి తీసుకొచ్చేశారు. ఆ చోటు నేను కళ్ళతో చూడలేదు.

జాజికాయ కొబ్బరిలా మొండి జాతి కాదక్కా. తొలి వేసవి గట్టెక్కితేనే బతుకుతుంది. పడమటెండ తగలకుండా కొబ్బరాకు తడిక కట్టు. పాదులో కొబ్బరి పీచు డొక్కలు బోర్లించి పరువు, తేమ నిలుస్తుంది. పొద్దున ఒక బిందె, ఎండ చల్లబడ్డాక ఒక బిందె చాలు. వేసవికి కాలవ నీళ్ళు కట్టేశాక మాత్రం బోరు నీళ్ళు పొయ్యకు. పక్కన రొయ్యల చెరువులు వచ్చాక ఎండాకాలం మన బోరు ఎంత ఉప్పనవుతుందో తెలుసుగా. మన ఇంటి చెరువు నీళ్ళే పొయ్యి.

ఇక్కడ మాకు ఉన్నది చెయ్యి చాపితే గోడ తగిలే బాల్కనీ. అత్తయ్యగారు తులసి పెట్టారు. నేను దాని వంక చూడను. నాకంటూ మిగిలింది ఆ జాజి మొక్క ఒక్కటే. దాన్ని కాపాడు.

హారిక

*

చినలంకపాలెం,
సఖినేటిపల్లి మండలం

హారికా,

నీ ఉత్తరం నా చేత్తో నేనే ముద్ర కొట్టుకుని, నాకు నేనే బట్వాడా చేసుకున్నాను. ఈ పోస్టాఫీసులో కూర్చున్నాక నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం ఇది. ఇక్కడికి వచ్చేవన్నీ బ్యాంకు కాగితాలూ, ఆధార్ కార్డులూను.

మొదట పైకి చదవాల్సిన భాగం. అత్తయ్యగారికి నమస్కారాలు. మీ పెద్దబ్బాయి కులాసా. కొబ్బరి దింపు బాగా వచ్చింది, కాయకి ధర మాత్రం లేదు. గేదె ఈనింది, పెయ్యదూడ, జున్ను పాలు మీ పేరు చెప్పి వీధంతా పంచాను. ఆంథూరియాలు నాలుగూ బాగున్నాయి. మిరియం తీగ కొబ్బరి మొదలు పట్టుకుని పైకి పాకుతోంది. హారిక డొక్కల్లో కట్టిన ఆర్కిడ్లకి రోజూ నీళ్ళు చిలకరిస్తున్నాను. అవి మాత్రం నన్ను సవతిలా చూస్తున్నాయి. ఇక్కడితో పైకి చదవడం ఆపు.

జాజి మొక్క బాగుంది. రెండు కొత్త ఆకులు వేసింది. నువ్వు చెప్పినట్టే తడిక కట్టాను. మీ బావగారు చూసి "మొక్కకి గుడిసె కట్టేవేంటే, రేషను కార్డు కూడా రాయించు" అన్నారు. నవ్వులాటకే అన్నారు. కాసేపటికి తనే ఇంకో రెండు మట్టలు మోసుకొచ్చి రెండో వైపు కూడా కట్టారు. ఆ మనిషి సంగతి నీకు తెలుసుగా, మాట ఒకటి, చెయ్యి ఒకటి.

మొన్న వీధిలోకి మొక్కల వ్యాను వస్తే అతన్ని పెరట్లోకి పిలిచి చూపించాను. "మంచి సత్తువగా ఉందండి. కాని ఇది ఆడదో మగదో ఏడేళ్ళకి పూతొస్తేగాని చెప్పలేమండి. ఆడదైతేనే కాపండి" అన్నాడు. ఏడేళ్ళట. కాయకపోతే మానె, నీడిస్తే చాలులే అన్నాను.

నువ్వు వేళకి తిను. మాత్రలు దేనికో రాయలేదు. నిద్ర పట్టడం లేదా?

నీ అక్క
నాగదుర్గ

*

పటాన్‌చెరు,
చైత్ర పౌర్ణమి

అక్కా,

పై భాగం అత్తయ్యగారికి చదివాను. గేదె సంగతి రెండుసార్లు చదివించుకున్నారు.

కింది భాగం చదువుతూ ఆ వ్యాను అతని మాట దగ్గర ఆగిపోయాను. నాకు ఏం పుట్టిందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదక్కా. ఆడో, మగో. అడిగితే మీ మరిది లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు. "అది తెలుసుకుంటే మళ్ళీ కడుపు నిలవదు, అడక్కూడదు" అంటారు అత్తయ్యగారు. మా నాన్నకి కూడా తెలియదు. మొక్క సంగతి ఏడేళ్ళకైనా తెలుస్తుంది. నా బిడ్డ సంగతి నాకు ఎప్పటికి తెలుస్తుంది? నువ్వు ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నావు. చూసే ఉంటావు.

మాత్రలు దేనికని అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఫిట్సు వచ్చాయని నాకు మత్తిచ్చి కోశారు కదా. ఆ మత్తు సగం దిగుతుండగా బిడ్డ ఏడుపు విన్నాను. సన్నగా, పిల్లికూన అరిచినట్టు, గోడ అవతల నుంచి. కళ్ళు తెరిచి నా బిడ్డేదీ అంటే చచ్చి పుట్టిందన్నారు. మరి ఆ ఏడుపేమిటి అంటే పక్క గదిలో ఎవరి బిడ్డో అన్నారు. సరేననుకున్నాను. కాని ఇక్కడికొచ్చాక కూడా ఆ ఏడుపు నన్ను వదల్లేదు. అది నా బిడ్డదేనని నాకు లోపల తెలుస్తోంది. ఆ మాట రెండుసార్లు పైకి అన్నందుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏడవని బిడ్డ ఏడుపు విన్నానంటోందని మీ మరిది ఆయనకి చెప్పారు. పాపం ఆయనకేం తెలుసు, విన్నదానికి మందు రాశారు. మింగితే నాలిక మొద్దుబారుతుంది. పగలంతా మబ్బుగా ఉంటుంది.

అది నా బిడ్డ ఏడుపేనా, కాదా? కాదంటే కాదని రాయి. బుద్ధిగా మాత్రలు మింగుతాను, ఇంకెప్పుడూ అడగను. నువ్వు ఏది రాస్తే అది నమ్ముతాను.

హారిక

*

చినలంకపాలెం,
కాలవ కట్టేసిన వారం

హారికా,

జవాబు ఆలస్యమైంది. పోస్టాఫీసులో పని ఎక్కువగా ఉందని రాయబోయాను. పనేం లేదు. నీ ఉత్తరం సంచీలో పెట్టుకుని తిరిగాను.

నువ్వడిగినవి నేను చెప్పలేను. అత్తయ్యగారికి ఒట్టేశాను. పోయినదాన్ని పట్టుకుని తవ్వుకుంటే నీకే చేటు. చిన్నదానివి, పాతికేళ్ళు నిండలేదు, మళ్ళీ కడుపు పండుతుంది. ఇవి ఊరికే అనే మాటలని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అంటున్నాను, ఇంకేం అనాలో తెలియక.

మొక్క సంగతి రాస్తాను. కాలవ కట్టేశారు. అంతకుముందే చెరువు నిండా పెట్టుకున్నాం కాబట్టి మనకి ఫరవాలేదు. బోరు తిప్పితే మాత్రం నోట పెట్టలేం. వీరాయమ్మ వాళ్ళు బట్టలుతకడానికి కూడా మన చెరువుకే వస్తున్నారు. ఆవిడ ఎదురింట్లో ఉంటూ ఇన్నాళ్ళూ గట్టు దాటి వచ్చింది లేదు, ఇప్పుడు రోజూ వచ్చి నా వంట అడుగుతోంది. జాజి మొక్కకి నేను చెరువు నీళ్ళే బిందెతో మోసి పోస్తున్నాను, వేరే ఎవరినీ పొయ్యనివ్వడం లేదు.

అయినా దాని ఆకుల కొసలు మాడుతున్నాయి. మొదట కొస గోధుమరంగుకి తిరిగింది. ఇప్పుడు అంచుల వెంట లోపలికి పాకుతోంది. నాలుగడుగుల దూరంలో ఉన్న ఆంథూరియాలకి ఏమీ లేదు. అవే నీళ్ళు, అదే నీడ. దిష్టి తగిలిందని వీరాయమ్మ అంటే దిష్టి కూడా తీశాను. ఎండలు ఇంకా ముదరలేదు, రోహిణి కార్తె ముందుంది. ఏం చెయ్యాలో వెంటనే రాయి. మొక్కల డాక్టరమ్మవి నువ్వే.

నాగదుర్గ

*

పటాన్‌చెరు,
వైశాఖం

శ్రీమతి నాగదుర్గ గారికి,

మీ ఉత్తరం అందింది.

కాదంటే కాదని రాయమన్నాను. మీరు కాదని రాయలేదు. దాన్నిబట్టి నాకు ఒకటి అర్థమైంది. అర్థమైందనుకున్నది నిజమో, అది కూడా నా రోగమేనో చెప్పే మనిషి లేరు. ఒక్కరు ఉన్నారనుకున్నాను.

వానలు పడేలోగా నాకు తగ్గకపోతే పిచ్చాసుపత్రిలో చేర్పించాలని మీ మరిదీ, మీ అత్తగారూ అనుకుంటున్నారు. వంటింట్లో నిలబడి విన్నాను. ఇదైనా విన్నానో, విన్నానని అనుకున్నానో నాకు తెలియదు. ఒక మనిషి చెవుల్ని ఆ మనిషే నమ్మకుండా చెయ్యడం చాలా తేలికండి. ఇంట్లో నలుగురూ ఒకే మాట మీద ఉంటే చాలు.

మొక్క సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నాను. కొస మాడి, అంచు వెంట లోపలికి వస్తుంటే అది ఎండ వల్ల కాదు, దిష్టి వల్లా కాదు. ఉప్పు. ఎండ దెబ్బైతే ఆకు మధ్యలో మచ్చలు పడతాయి. చెరువు నీళ్ళు తియ్యగా ఉన్నాయంటున్నారు కాబట్టి ఉప్పు నేలలోనే ఉండాలి. మొదలు దగ్గర మట్టి తీసి నాలిక మీద వేసుకుని చూడండి. కొబ్బరి పాదుల్లో ఉప్పు వేసేటప్పుడు అలవాటు కొద్దీ ఎవరైనా దానికీ ఒక దోసెడు వేశారేమో మీ వారిని కనుక్కోండి. వేసి ఉంటే ఆ పైమట్టి తీసేసి కొత్త మట్టి పోయించండి.

మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి.

ఇట్లు,
హారిక

*

చినలంకపాలెం,
రోహిణి కార్తె

హారికా,

నన్ను ‘మీరు’ అన్నావు. నాలుగు తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. సరే, పడతాను.

మట్టి నోట్లో వేసుకున్నాను. ఉప్పే. పైన కొంచెం ఉప్పన, వేలు లోతున తీస్తే ఇంకా ఉప్పు, జానెడు లోతు మట్టి నాలిక మీద పెట్టుకోలేకపోయాను. మీ బావగారు మధ్యాహ్నం భోజనానికొస్తే, కొబ్బరికి వేస్తూ దీనికీ వేశారా అని అడిగాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"నేనెందుకేస్తానే. ఉప్పు అడుగునుంది. బిడ్డని పెట్టినప్పుడు కింద సగం, పైన సగం బస్తాడుప్పు పోసేం. కుక్కలు తవ్వకుండా, తొందరగా మట్టైపోవాలని మనోళ్ళంతా పోస్తారు కదా. మా మేనత్తకీ అలాగే పోసేరని మా నాన్న చెప్పేవోరు" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ చోట కొబ్బరే ఎందుకు పెడతారో. కొబ్బరి ఉప్పు తాగి పెరుగుతుంది. ఇంకే మొక్కైనా చస్తుంది. పెద్దవాళ్ళు తెలిసి పెట్టిన ఆచారమే అది. మీ బావగారు ఆ పూట కొబ్బరి మొక్క తెచ్చి గట్టు మీద ఉంచారు. మీ ఆయన నీ మీద ప్రేమకొద్దీ దాన్ని పక్కన పడేసి, నీ జాజిమొక్క తెచ్చి తన చేత్తో పెట్టాడు. "తమ్ముడు అలా ఏడుస్తుంటే మొక్క గురించి ఏం వాదిస్తానే. నాకంత ఆలోచనా రాలేదు" అన్నారు. ఇన్నాళ్ళూ నేను నీళ్ళు పోసినకొద్దీ ఆ ఉప్పు కరిగి పైకి వచ్చింది. పోయకపోతే ఎండకి పోతుంది, పోస్తే ఉప్పుకి పోతుంది. నువ్వు కాపాడమన్నావు, నేను బిందెలు మోసి మరీ చంపుతున్నాను.

ఇప్పటికీ ఒక దారి ఉంది. వేళ్ళకి దెబ్బ తగలకుండా గడ్డతో తీసి, అవతల మిరియం తీగ దగ్గర పెడితే బతకొచ్చు. కాని తియ్యాలంటే అక్కడ గునపం వెయ్యాలి. ఆ చోట గునపం వెయ్యడానికి నాకు చేతులు రావు. నువ్వు వెయ్యమంటే వేస్తాను. వేసినా బిడ్డ ఒక చోట, మొక్క ఒక చోట అవుతాయి.

ఇంకోటి కూడా రాయాలి. అత్తయ్యగారు నా చేత ఒట్టు వేయించుకున్నది ఆ మొక్క మీదే. నాటిన మట్టి అప్పటికింకా ఆరలేదు. నా చెయ్యి పట్టుకుని దాని తల మీద పెట్టించి, "నువ్వు నోరిప్పితే ఇది నిలవదు, ఆ పిల్ల కడుపూ నిలవదు" అన్నారు. ఆ తర్వాత నువ్వేమో, నాకు మిగిలింది ఆ మొక్కే, కాపాడమని రాశావు. చెప్తే మొక్క పోతుందని భయం. చెప్పకపోతే నువ్వు పోతున్నావు. నువ్వు చదువుకున్నదానివి, ఇలాంటివి నమ్మవు. నేను పోస్టాఫీసులో కంప్యూటరు మీద పనిచేస్తాను కాని ఒట్టంటే నాకు భయమే. ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నది అందుకే, నీ మీద లెక్కలేక కాదు.

నన్ను మళ్ళీ అక్కా అని పిలు.

నాగదుర్గ

*

పటాన్‌చెరు,
ఉత్తరం అందిన రోజే

అక్కా,

గునపం వెయ్యొద్దు. మొక్కని కదపొద్దు. అక్కడే ఉండనీ.

చచ్చిపోతే చచ్చిపోనీ. నా చేత్తో తెచ్చుకున్న మొక్క, నా నోటితో నేనే అంటున్నాను. పాపం ఉంటే నాకే ఉంటుంది, నీకు కాదు. మళ్ళీ కడుపు నిలవకపోతే ఆ గొడవా నాదే. నీ ఒట్టు నేను విప్పేస్తున్నాను. నా బిడ్డ గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలియదు కాబట్టే మొక్కని పట్టుకుని వేలాడాను. తెలిస్తే మొక్క లేకపోయినా ఉండగలను.

ఆస్పత్రి మాట ఇప్పుడు నా ఎదురుగానే అంటున్నారు. సూట్‌కేసులో నా బట్టలు కూడా సర్దారు. అత్తయ్యగారు నాకిష్టమని సున్నుండలు చేసి డబ్బాలో పెట్టారు. ఆవిడ ప్రేమ అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా భయమేస్తోంది. వచ్చే వారం తీసుకెళ్తారు. నువ్వు ఈలోగా రాస్తే, అక్కడికి వెళ్ళేది పిచ్చిదో కాదో తెలుసుకుని వెళ్తాను.

హారిక

*

చినలంకపాలెం

హారికా,

ఆడపిల్ల. ఏడ్చింది. నువ్వు విన్నది నీ కూతురి ఏడుపే. నీకు పిచ్చి లేదు.

ముందు ఇది రాస్తే తప్ప మిగతాది రాయలేననిపించింది.

ఫిట్సుతో నిన్ను గోదారి రేవు దాటించేటప్పుడు పంటు పడవ మీద నీ తల నా ఒళ్ళోనే ఉంది. ఎనిమిదో నెల అప్పుడే వచ్చింది. ఆస్పత్రికి చేరగానే కోసి తీశారు. నర్సు పాత చీరముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. నా అరచెయ్యంత మొహం. అప్పుడే ఏడ్చింది. నువ్వున్న గదికీ, మేం కూర్చున్న చోటుకీ మధ్య ఒక గోడ. డాక్టరమ్మ వచ్చి, ఊపిరితిత్తులు ఎదగలేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టాలి, ఆశ తక్కువే, అయినా తీసుకెళ్ళండి అంది. "దారిలోనే పోతుందండి. దాన్ని ఊళ్ళెంట తిప్పి ఏం చేస్తాం, ముందు పెద్దప్రాణం చూడండి" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ దుర్మార్గంతో అనలేదు. నువ్వు బతుకుతావో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. మీ ఆయన నీ గుమ్మం దగ్గరికి వెళ్ళడం, బిడ్డ దగ్గరికి రావడం, మళ్ళీ వెళ్ళడం. చివరికి తీసుకెళ్ళం అని సంతకం పెట్టాడు. నేను తీసుకెళ్తానని నేనైనా అనొచ్చు. అనలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ పుట్టింది. పొద్దు వాలేదాకా నా ఒళ్ళోనే ఉంది. దూది పంచదార నీళ్ళలో ముంచి పెదాలకి అద్దితే ఒకసారి చప్పరించింది. పైపెదవి మధ్యలో నీకున్నట్టే నొక్కు. జుట్టు ఒత్తుగా ఉంది, నుదుటి మీదకి. చేతివేళ్ళకి గోళ్ళు ఇంకా సరిగా రాలేదు. వేలు పెడితే పట్టుకుంది. ఏడుపు మెల్లమెల్లగా తగ్గింది. తర్వాత ఊపిరి ఒక్కటే ఉంది. తర్వాత అదీ లేదు.

"చచ్చి పుట్టిందంటే నాలుగు రోజులేడ్చి ఊరుకుంటది. బతికి పోయిందంటే జన్మంతా మనల్ని అడుగుతాది" అన్నారు అత్తయ్యగారు. మీ ఆయన తలూపాడు. ఆ సంతకం సంగతి నీకు తెలిస్తే నువ్వు తన మొహం చూడవని అతని భయం. ఆ భయంతో దాస్తున్నాడనుకున్నాను కాని, నిన్ను ఆస్పత్రిలో పెట్టేదాకా దాస్తాడనుకోలేదు. ఉత్తరం రాసి నిజం చెప్పమని అతనికి నేనే చెప్పాల్సింది. ఎవరి పరువు వాళ్ళు చూసుకున్నాం, నీ బతుకు ఎవరమూ చూడలేదు.

మొక్క ఆకులన్నీ రాల్చేసింది. నిన్న గోరుతో కొమ్మ గీకి చూశాను. లోపల పచ్చ లేదు. నేను నోరు విప్పకముందే పోయింది, కాబట్టి ఒట్టు వల్ల కాదు, ఉప్పు వల్లే.

ఈ ఉత్తరంలో పైకి చదివే భాగం లేదు.

నాగదుర్గ

*

పటాన్‌చెరు,
ఆదివారం

అక్కా,

పైకి చదివే భాగం లేదన్నావు. మొత్తం పైకే చదివాను.

ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. నాగదుర్గక్క ఉత్తరం వచ్చింది, చదువుతాను వినండి అన్నాను. దూడ సంగతేమోనని అత్తయ్యగారు నవ్వుతూ ఇటు తిరిగారు. మొదటి మాటకే తల దించుకున్నారు. మీ మరిది లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. నేను ఆపలేదు. పెదవి నొక్కు దగ్గర ఆ వాక్యం రెండుసార్లు చదివాను. గోళ్ళ సంగతి కూడా చదివాను. అంతా అయ్యాక "వదినగారు రాసిందంతా నిజమే" అన్నారు ఆయన. "నీ ప్రాణం కోసమే కదమ్మా చేసేం" అన్నారు అత్తయ్యగారు. కావచ్చు. ఆవిడ మీద నాకు ఎంత కోపం ఉందో ఇంకా తెలియడం లేదు. ఆయన మీద మాత్రం ఉంది, చాలా ఉంది. ఆ రోజు చేసిన సంతకానికి కాదు. ఆ రోజు నేనున్నా ఏం చేసేదాన్నో తెలియదు. నా చెవులు నావి కావని డాక్టరుకి చెప్పినందుకు.

ఆస్పత్రి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సూట్‌కేసు అలాగే ఉంది. అది తీసుకుని మన ఊరు వస్తాను, ఒక్కదాన్నే వస్తాను. ఫోను బీరువాలోంచి తీసి నా పక్కన పెట్టారు. ఇవి ఫోనులో మాట్లాడే మాటలు కావు కాబట్టి ముట్టుకోలేదు.

జాజి మొక్క తీసేసి ఆ చోట కొబ్బరి పెట్టమని బావగారితో చెప్పు. నేను అన్నానని చెప్పు.

ఇంకొక్కటి అడుగుతాను. పేరు పెట్టకముందే పోయిందని అందరూ అంటున్నారు. కాని మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా అది నీ ఒళ్ళో ఉంది. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని అంతసేపు ఎవరూ మూగగా కూర్చోరు. ఏదో ఒకటి పిలుస్తారు. నువ్వు ఏమని పిలిచావు? నాకు అదే దాని పేరు.

హారిక

*

చినలంకపాలెం,
మృగశిర

హారికా,

మీ బావగారు పొద్దున్నే కొబ్బరి మొక్క పెట్టారు. నీ మాట చెప్తే "ఆయ్, అలాగే" అన్నారు. నువ్వు ఎప్పుడొస్తావో రాయి, రేవు దగ్గరికి నేనే వస్తాను.

ఏమని పిలిచానని అడిగావు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ బావగారికి కూడా.

అమ్మలూ అని పిలిచాను. "అమ్మలూ, కాసేపు ఓపిక పట్టమ్మా, మీ అమ్మ లేస్తుంది" అన్నాను. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను. దానికి చేతనైనంతసేపూ ఆగింది హారికా.

నీ అక్క